పన్నెండో చోట వచ్చిన కయోటీ

తుపాకీ కొన్న సంగతి అమ్మకు మూడు నెలల దాకా చెప్పలేదు. చెప్పిన రోజు ఫోనులో కాసేపు నన్నే చూసి, "నిన్ను అంత చదివించి అమెరికా పంపింది నక్కలను కాల్చడానికా నాయనా?" అంది. నక్క కాదమ్మా, కయోటీ అన్నాను. ఎలా ఉంటుందని అడిగింది. నక్కలాగే ఉంటుంది, ఇంకాస్త పెద్దది అన్నాను. "అయితే నక్కే" అని తేల్చేసింది.

అమ్మ మాటలో పెద్ద తప్పేమీ లేదు. రెండూ కుక్కల కుటుంబంలోవే. మన నక్క పది కిలోలకు అటూ ఇటూ తూగితే టెక్సాస్ కయోటీ పదకొండు నుంచి పదహారు కిలోల దాకా ఉంటుంది. బూడిద రంగు ఒళ్లు, చెవుల వెనక కాస్త ఎరుపు, తోక చివర నలుపు. ఒకప్పుడు పడమటి మైదానాలకే పరిమితమైన ఈ జంతువు ఇప్పుడు హవాయి తప్ప అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ తిరుగుతోంది. డాలస్‌కు ఉత్తరాన మా ఇంటి వెనక వాగు వెంట కూడా ఉంది. రాత్రిపూట రెండు గొంతు కలిపితే పది ఉన్నట్టు వినిపిస్తుంది. ఆరేళ్లు ఆ అరుపులు వింటూ నిద్రపోయాను తప్ప, వాటి వెంట పడాలని ఎప్పుడూ అనుకోలేదు.

నన్ను ఇందులోకి దించింది మా ఆఫీసులో పక్క కుర్చీ సహోద్యోగి. ఫోర్ట్ వర్త్‌కు వాయవ్యంగా, జాక్స్‌బరో దాటాక వాళ్ల మామగారికి 900 ఎకరాల పశువుల క్షేత్రం ఉంది. ఒక ఆదివారం భోజనానికి పిలిచి అటు తీసుకెళ్లాడు. కారు దిగగానే మా కనిగిరి చేలల్లో దిగినట్టు అనిపించింది. వాళ్లు మెస్కీట్ అని తిట్టుకుంటూ నరికే చెట్టు మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. దాని పక్కనే నాగజెముడు పొదలు. నాగజెముడు మన దేశానికి వచ్చిందే ఈ ఖండాల నుంచి అని చెబితే ఆ ముసలాయన నమ్మలేదు. "దీన్ని కావాలని ఎవరైనా ఓడలో ఎక్కించుకుపోతారా?" అన్నాడు.

ఆయనకు కయోటీలంటే మంట. ఆ పేరును కూడా పూర్తిగా పలకడు, "కైయోట్" అని సగంలో తుంచేస్తాడు. అంతకుముందు మార్చిలో ఈనుతున్న ఆవు దగ్గరే దూడను లాక్కుపోయాయట. కాల్చడం నేర్చుకుంటానంటే తన భూమిలోకి రావచ్చన్నాడు, కానీ జనవరి దాకా ఆగమన్నాడు. నవంబర్, డిసెంబర్‌లలో జింకల వేటకు డబ్బు కట్టి వచ్చేవాళ్లుంటారు. వాళ్లు కూర్చున్న చోట ఇంకొకడు తిరిగితే ఊరుకోరు.

టెక్సాస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటుదే. సొంతదారు రమ్మనకపోతే వేట లేదు. కొత్తవాళ్లు తుపాకీతో మొదలుపెట్టి చివర్లో చోటు కోసం తిరుగుతారు. నాకు ముందు చోటు దొరికింది. అది నా గొప్పేమీ కాదు, పక్క కుర్చీ గొప్ప.

కాగితాల పనిని మూడు ముక్కల్లో చెబుతాను. టెక్సాస్ లెక్కలో కయోటీ వేటజంతువే కాదు. దానికి ఫలానా కాలమని లేదు, ఇన్నే అనే పరిమితీ లేదు. అయినా వేట లైసెన్సు కావాలి. రాష్ట్రంలో ఉండేవాళ్లకు 25 డాలర్లు, ఆగస్టు 31తో గడువు తీరుతుంది. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట భద్రత శిక్షణ పూర్తి చేయాలి. పదిహేడేళ్లు దాటినవాళ్లు దాన్ని ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే చేయవచ్చు. రెండు సాయంత్రాలు పట్టింది. ఆఫీసులో ఏటా చేయించే భద్రతా పాఠాల్లాగే ఉంటుందనుకుని కూర్చున్నాను, కానీ ఇందులో పనికొచ్చేవి చాలా ఉన్నాయి. ముళ్లకంచె దాటేటప్పుడు తూటాలు తీసేసి, తుపాకీని ముందు కంచె కింద నుంచి అవతలికి జరిపి, ఆ తర్వాత మనిషి దాటాలన్నది అక్కడే నేర్చుకున్నాను. గురి పెట్టినదాన్నే కాదు, దాని వెనక ఏముందో కూడా చూడాలన్నది ఇంకొకటి. గుట్ట మీద నిలబడ్డ జంతువు వెనక ఆకాశం తప్ప ఏమీ కనిపించకపోతే కాల్చకూడదు. తప్పిన తూటా ఎవరి పెరట్లో దిగుతుందో తెలియదు.

మనవాళ్లకు ఒక మాట. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. నేను ఆ మినహాయింపు జోలికి పోలేదు. గ్రీన్ కార్డు చేతికి వచ్చాకే కొట్టుకు వెళ్లాను. ఇరవై ఏళ్ల బతుకును ఒక ఫారంలోని ఒక గడి మీద పందెం కాయడం నాకు చేతకాదు. తుపాకీ కొనేవాళ్లు కొట్టులో నింపాల్సిన 4473 అనే ఆ ఫెడరల్ ఫారం నింపుతుంటే అవతలి కుర్రాడు నా కార్డును రెండు పక్కలా తిప్పి చూశాడు, లోపలికి వెళ్లి ఇంకొకరికి చూపించాడు, మళ్లీ వచ్చి నన్ను చూశాడు. నేర చరిత్ర తనిఖీ జవాబు వెంటనే రాలేదు. మూడు పనిదినాలు ఆగి మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాను. కొన్నది 223 రెమింగ్టన్ అనే సన్న రకం తూటాలు పేల్చే బోల్ట్ రైఫిల్, అంటే ప్రతి తూటాకూ చేత్తో గడియ లాగి మూసేది. కయోటీకి ఇంతకంటే పెద్దది అవసరం లేదు, పేలినప్పుడు భుజానికి తగిలే ధక్కా కూడా తక్కువ.

రైఫిల్‌కు స్కోపు, అంటే గురి చూసే దుర్భిణి, బిగించగానే అది నేరుగా కొడుతుందని నేననుకున్నాను. కాల్పులు అభ్యాసం చేసే మైదానంలో మొదటి మూడు తూటాలూ గురి అట్టకే తగలలేదు. పక్క బల్ల దగ్గరి పెద్దమనిషి జాలిపడి ముందు 25 గజాల దగ్గర మొదలుపెట్టమన్నాడు. ఆ తర్వాత 100 గజాలకు జరిగాం. అప్పుడు తూటాలు నాలుగు అంగుళాలు కిందికి, మూడు అంగుళాలు ఎడమకు పడుతున్నాయి. నా స్కోపు మర తిప్పితే ఒక్కో టిక్కు ఆ దూరంలో పావు అంగుళం కదుపుతుంది. అంటే పైకి పదహారు, కుడికి పన్నెండు. అక్కడినుంచి ఇంకాస్త పైకి తిప్పి, 100 గజాల దగ్గర ఒకటిన్నర అంగుళం ఎత్తున పడేలా ఉంచమన్నాడు. అలా ఉంచితే 200 గజాల దగ్గర దాదాపు గురి మీదే పడుతుంది. నలభై తూటాలయ్యాక అయిదు రంధ్రాలు ఒక అరచేతి కింద కప్పేలా వచ్చాయి. అయితే అవి బల్ల మీద ఇసుక సంచి పెట్టుకుని కొట్టినవి. నేల మీద కూర్చుని, మోకాళ్ల ముందు రెండు కర్రల కొంకి మీద రైఫిల్ ఆనించి కొడితే ఆ అరచేయి పళ్లెమంత అయింది. అడవిలో నాకు బల్ల ఎవరు వేస్తారు? అందుకని మిగతా తూటాలన్నీ నేల మీద కూర్చునే కాల్చాను. 150 గజాలు దాటితే కాల్చకూడదని ఆ రోజే గిరి గీసుకున్నాను. గాయపడి పొదల్లోకి పోయినదాన్ని వెతికే ఓపిక ఉందా లేదా అన్నది తర్వాతి మాట, అసలు ఆ గతి దానికి పట్టించకూడదు.

ఇక పిలవడం. కయోటీ వేటలో వెంటపడడం ఉండదు, పిలిపించుకోవడమే. ప్రాణభయంతో అరిచే కుందేలు గొంతును చెక్క పీకలో ఊదుతారు. జాతరలో కొనే పీక లాంటిదే, లోపల నాలుక ఉంటుంది. కారు షెడ్డులో తలుపు వేసుకుని అభ్యాసం చేశాను. ఆ చప్పుడు చంటిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినట్టు ఉంటుంది. మూడో రోజు పక్కింటావిడ వచ్చి అంతా క్షేమమేనా అని మా ఆవిడను అడిగింది. మా ఆవిడ ఏం చెప్పిందో నాకు చెప్పలేదు గానీ, పీకను మాత్రం ఇంట్లో ఊదవద్దని చెప్పింది. దాంతో రిమోట్‌తో నడిచే ఎలక్ట్రానిక్ కాలర్, అంటే రికార్డు చేసిన అరుపులు వినిపించే స్పీకరు, కూడా కొన్నాను. ముసలాయనకు అది నచ్చలేదు. రేడియో పెట్టుకుని వేటాడేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానన్నాడు.

జనవరి రెండో శనివారం మొదలుపెట్టాం. ఒకచోట కూర్చుని పదిహేను, ఇరవై నిమిషాలు పిలవాలి. ఏదీ రాకపోతే లేచి అర మైలో, మైలో అవతల ఇంకోచోట కూర్చోవాలి. మొదటి చోట ట్రక్కు దిగి అలవాటు కొద్దీ తలుపు దభాలున వేశాను. ముసలాయన నా వైపు చూసి, "ఇక ఇంటికి పోదాం పద" అన్నాడు. వేళాకోళమనుకున్నాను, నిజంగానే మళ్లీ ట్రక్కు ఎక్కి రెండు మైళ్లు ముందుకు పోనిచ్చాడు. రెండో చోట బాగా కనిపిస్తుందని గుట్ట నెత్తిన కూర్చున్నాను. నాకు అన్నీ కనిపించాయి, అన్నిటికీ నేనూ కనిపించాను. నాలుగో చోట చలికి పీకలో ఉమ్ము గడ్డకట్టి శబ్దమే రాలేదు. అప్పటినుంచి దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటున్నాను. అయిదో చోట నాగజెముడు పక్కన కూర్చున్నాను. దాని గురించి ఇంకేమీ చెప్పను.

అసలు పాఠం ఏడో చోట. కాలర్ ముందు పెట్టి, చెట్టుకు వీపు ఆనించి, ఇరవై నిమిషాలు బిగుసుకుని కూర్చున్నాను. ఏమీ రాలేదు. లేచి నడిచి వస్తే, దూరంగా ట్రక్కులో దుర్భిణితో చూస్తున్న ముసలాయన తీరిగ్గా చెప్పాడు. వచ్చిందట. నా వెనక నుంచి వచ్చిందట. ముప్పై అడుగుల్లో ఆగి, ముక్కు ఎత్తి, కాసేపు నా వీపును చూసి వెళ్లిపోయిందట. నమ్మకం కుదరక వెనక్కి వెళ్లి చూశాను. తడి మట్టిలో నేను నడిచొచ్చిన బూటు గుర్తు మీదే దాని కాలి గుర్తు పడి ఉంది.

గాలి. దాని కళ్లను ఆకురంగు బట్టలతో మోసం చేయవచ్చు, చెవులను పీకతో మోసం చేయవచ్చు. ముక్కు దగ్గర ఏ విద్యా సాగదు. అది కూడా ఆ సంగతి ఎరిగినదానిలాగే నడుస్తుంది. కుందేలు అరుపు వినగానే నేరుగా రాదు. అర్ధచంద్రాకారంలో చుట్టు తిరిగి, గాలి వాలు వైపు, అంటే గాలి వీచిపోయే వైపు, చేరి, వాసన చూసుకుని అప్పుడు వస్తుంది. నక్కజిత్తులు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ శనివారం నేను స్నానం చేసి, దేవుడి దగ్గర అగరుబత్తి వెలిగించి, అదే చొక్కాతో బయల్దేరాను. ఆ గాలికి నేను మైలు దూరం వరకు నడిచే పూజగదిని.

మర్నాటి నుంచి వేట బట్టలు కారు షెడ్డులో వేరే పెట్టెలో చేరాయి. మా ఆవిడకు అదే ఆనందం. చిన్న పౌడరు డబ్బా ఒకటి జేబులో పెట్టుకున్నాను. కూర్చోబోయే ముందు చిటికెడు గాలిలోకి వదిలితే అది ఎటు పోతోందో తెలుస్తుంది. ఎటు కనిపిస్తుందని కాక, ఎటు వాసన కొడుతుందని చోటు ఎంచడం మొదలుపెట్టాను. ముసలాయన కర్రతో మట్టిలో గీసి చూపించాడు. గాలికి ఎదురుగా కాదు, గాలి అడ్డంగా వీచేలా కూర్చో. కాలర్‌ను నీ దగ్గర పెట్టుకోకు, గాలి వచ్చే వైపుకు జరిపి యాభై గజాలు ముందు పెట్టు. అప్పుడది కాలర్‌కు గాలి వాలున చేరాలని చూస్తుంది. ఆ దారి నీ ముందు నుంచే పోవాలి, అది కూడా మెరక లేని, పొదలు లేని నేల అయి ఉండాలి. నీ వాసన దానికి అందే లోపలే పని అయిపోవాలి. ఇంతే. ఈ ముక్క నాకు ఏడు చోట్లు, రెండు శనివారాలు, ఒక కొత్త ప్యాంటు ఖరీదు చేసింది.

పదో చోట ఒకటి వచ్చింది. నా గుండె చప్పుడు దానికి వినిపిస్తుందేమో అనిపించింది. 120 గజాల దూరంలో కదులుతూ ఉండగానే కాల్చేశాను, ట్రిగ్గర్ మెల్లగా నొక్కలేదు, గబుక్కున లాగాను. దాని వెనక మట్టి లేచింది, అంతే. దాన్ని మళ్లీ చూడలేదు. ముసలాయన ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రం, నడిచేదాన్ని ఆపి కాల్చాలని, నోటితో కుక్క మొరిగినట్టు ఒక్కసారి అంటే క్షణం పాటు ఆగి చూస్తుందని చెప్పాడు. కారులో ఇంటికి వస్తూ దారి పొడవునా మొరిగాను.

ఫిబ్రవరి రెండో శనివారం, పన్నెండో చోటు. పొద్దు పొడిచి పావుగంట అయింది. సూర్యుడు నా వీపు వెనక, నా ముఖం పడమరకు. ఉత్తరపు గాలి నెమ్మదిగా కుడి నుంచి ఎడమకు వీస్తోంది, పౌడరు అలాగే పోయింది. కాలర్ కుడి పక్కగా యాభై గజాల ముందు. గడ్డి మీద మంచు. మొదట చిన్న గొంతుతో కుందేలు. రెండు నిమిషాల మౌనం. మళ్లీ ఇంకాస్త పెద్దగా.

పదకొండో నిమిషంలో మెస్కీట్ల మధ్య ఒక బూడిద రంగు మచ్చ. అంతకుముందు అక్కడ అది లేదన్నదొక్కటే నాకు తెలుసు. తల మాత్రం కనిపిస్తోంది. 200 గజాలు ఉంటుంది. నా గిరికి అవతలే. అది కదలదు, నేనూ కదలను. రిమోట్‌తో కాలర్ ఆపేశాను. ఎడమ చేతి వెనక భాగానికి పెదాలు ఆనించి ఎలుక కీచుమన్నట్టు చిన్నగా పీల్చాను. ఇదీ ముసలాయన నేర్పిందే. చెవులు రెండూ నా వైపు తిరిగాయి. తర్వాత అది బయలుదేరింది. ముసలాయన మట్టిలో గీసిన గీత మీదే నడుస్తున్నట్టు, ఖాళీ నేల మీద కుడి నుంచి ఎడమకు, నడకా పరుగూ కాని ఒక అలవాటైన ఊపుతో వస్తోంది. ఊపిరి ఆవిరి కనిపించేంత దగ్గరికి వచ్చింది.

మొరగాలి. నోరు తెరిచాను. నా నోట వచ్చింది "ఏయ్!"

కనిగిరిలో పెరట్లోకి దూరిన మేకను అదిలించే ఏయ్. అది ఆగింది. తల తిప్పి సూటిగా నన్ను చూసింది. ఈసారి ట్రిగ్గర్ నొక్కాను.

తర్వాత కొలిస్తే ఎనభై రెండు అడుగులు వేశాను. ఉన్నచోటే పడిపోయింది. నేను వెంటనే లేవలేదు. అది వాటి జత కట్టే కాలం కాబట్టి రెండోది ఉండవచ్చని ఇంకో అయిదు నిమిషాలు కూర్చున్నాను. ఏదీ రాలేదు. శిక్షణలో చెప్పినట్టు వెనక నుంచి వెళ్లి, కర్ర చివరతో కంటిని తాకి చూశాను. రెప్ప కదలలేదు. ముసలి మగది. కోరపళ్లు అరిగి మొద్దుబారి ఉన్నాయి, ఒక చెవి అంచు ఎప్పుడో చిరిగి మానింది. దగ్గర నుంచి చూస్తే బొచ్చు ఎంత బాగుందో! వెంట్రుక మొదట్లో ఒక రంగు, మధ్యలో ఒకటి, చివర నలుపు. చూస్తుండగానే చల్లబడుతున్న ఒంట్లోంచి గోమార్లు పైకి వచ్చాయి. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దని అందరూ ఎందుకంటారో అప్పుడు అర్థమైంది. గజ్జి, పిచ్చి కుక్క జబ్బు కూడా వీటికి వస్తాయి. 1988లో మొదలై దక్షిణ టెక్సాస్ కయోటీల్లో ఆ జబ్బు ఎంత పాకిందంటే, 1995 నుంచి ప్రభుత్వం విమానాల్లో టీకా మందు పెట్టిన ఎరలు చల్లింది.

సంతోషించానా అంటే, మొదటి నిమిషం చేతులు వణికాయి. తర్వాత సంతోషించాను. దాచడం ఎందుకు?

ముసలాయనా నేనూ కలిసి దాన్ని ట్రక్కు వెనక ఎక్కిస్తుంటే నా బూటు కింద ఏదో మెత్తగా తగిలింది. చూస్తే తోక. నాకు నవ్వు ఆగలేదు. ఎందుకని అడిగితే, మా వైపు అదృష్టం పట్టినవాణ్ణి నక్క తోక తొక్కాడంటారని చెప్పాను. ఆయన ఆలోచించి, తమ వైపు అదృష్టమంటే ఏప్రిల్ దాకా గడ్డికి సరిపడా వాన పడడమని అన్నాడు.

షెడ్డు దగ్గర ఆయన దాని పొట్ట కోశాడు. ఏం తింటోందో చూడాలని ప్రతిసారీ చూస్తాడట. ఎలుక బొచ్చు, ఎలుక ఎముకలు, కొంచెం గడ్డి. దూడ మాంసం లేదు. దూడలింకా పుట్టలేదు కదా అన్నాడు. ఆ ఎలుకలు ఆయన గడ్డినే తినేవని నాకు తోచింది గానీ, ఆయన భూమిలో నిలబడి అనడం బాగుండదని ఊరుకున్నాను. వీటిని ఒక్కొక్కటిగా కాల్చి తగ్గించడం కుదరదు. సంఖ్య తగ్గితే మిగిలినవి ఎక్కువ పిల్లలు పెడతాయి. ఏటా నాలుగింట మూడు వంతులు పైబడి చంపుతూ పోతే తప్ప మంద తగ్గదని 1975లోనే కాలిఫోర్నియా పరిశోధకులు లెక్క కట్టారు. ఈనే ఆవుల చుట్టూ తిరిగేవాటిని తరమడం వరకు మాత్రం ఇది పనికొస్తుందని ఆయన నమ్మకం. అంతవరకైతే నాకూ సమ్మతమే.

ఆ తర్వాత ఫిబ్రవరి నెలాఖరు దాకా తొమ్మిది చోట్ల కూర్చున్నాను. గాలి చూసుకున్నాను, తలుపు మెల్లగా వేశాను, అగరుబత్తి వెలిగించకుండా బయల్దేరాను. ఒక్కటీ రాలేదు. తోక తొక్కి కూడా ఇలా అయిందేమిటని ఫోనులో అమ్మ దగ్గర వాపోయాను.

"చచ్చినదాని తోక తొక్కితే లెక్కలోకి రాదు నాయనా" అంది.